నది తెచ్చిన ఒండ్రులోని లోహాలు సముద్రపు నీళ్లలోకి ఎలా చేరతాయి?

గోదావరి వరదతో వచ్చిన ఒండ్రు సముద్రంలో అడుక్కి దిగిపోతుంది కదా, మరి అందులోని లోహాలు నీళ్లలోకి ఎలా వస్తాయి, ప్రాజెక్టుకి ఎక్కడ కొలవాలి అని అడిగారు. పీహెచ్‌డీ కోసం మూడేళ్లు యానాం దిగువన గౌతమి పాయలో నీళ్లూ బురదా పట్టాను. దిగిన మట్టితో పాటే లోహాలూ ఉండిపోతాయని మొదట్లో నేనూ అనుకునేదాన్ని. అలా ఉండవు.

బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. మంచినీళ్లలో ఉన్నంతసేపు ధనావేశమున్న బేరియం, రేడియం వాటిని అంటిపెట్టుకుని వస్తాయి. ఏటిమొగలో ఉప్పునీళ్లు కలవగానే సోడియం, మెగ్నీషియం ఆ చోటు ఆక్రమిస్తాయి, బేరియం నీళ్లలోకి వచ్చేస్తుంది. అందుకే చాలా మొగల్లో ఇటు నదిలో కన్నా, అటు సముద్రంలో కన్నా మధ్యలోనే బేరియం ఎక్కువ. కాడ్మియాన్నైతే ఉప్పులోని క్లోరైడు పట్టి లాగుతుంది. ఇనుము తీరు వేరు. సన్నటి నలుసులుగా తేలుతున్న ఇనుము ఉప్పు తగలగానే పాలు విరిగినట్టు ముద్దకట్టి దిగిపోతుంది. ఆగస్టులో ఎర్రనీళ్లు రెండు గ్లాసుల్లో పట్టి ఒకదాంట్లో చెంచాడు ఉప్పు కలపండి, అదే ముందు తేరుకుంటుంది.

అలా దిగిన ఇనుము కూడా ఊరుకోదు. కోరింగ మడ అడవుల పక్కన బురద తీస్తే పైన కొన్ని మిల్లీమీటర్లే గోధుమరంగు, కింద నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. అక్కడ ఆక్సిజన్ లేదు. బ్యాక్టీరియా దాని బదులు మాంగనీసు ఆక్సైడును, తర్వాత ఇనుము తుప్పును వాడుకుంటాయి. కరగనివి కరిగిపోతాయి, తుప్పును పట్టుకుని ఉన్న ఆర్సెనిక్, ఫాస్ఫేటు కూడా విడిపోతాయి. మొదటిసారి ఆ పై పొర కింది బురదలోంచి నీళ్లు తీసినప్పుడు కొబ్బరినీళ్లలా తేటగా ఉన్నాయి. సీసా మీద పేరు రాసేలోపే పసుపు తిరిగి, కాసేపటికి టీ రంగుకొచ్చాయి. శాంపిల్ పాడైందని పారబోశాను! నిజానికి అది కరిగిన ఇనుము, గాలి తగిలి మళ్లీ తుప్పవుతోంది. నేను వెతుకుతున్నది అదే. ఆ తర్వాత నుంచి నైట్రోజన్ నింపిన సంచిలోనే వడకట్టి, వెంటనే ఆమ్లం చుక్కలు వేసేవాళ్లం.

అన్నీ బయటికి రావు. రాగి, సీసం చాలావరకు ఆ నల్ల బురదలో గంధకంతో కలిసి సల్ఫైడుగా చిక్కుకుంటాయి. మడ నేలను తవ్వి గాలికి ఆరేస్తే సల్ఫైడు ఆమ్లంగా మారి వాటినీ వదిలేస్తుంది. మడ కొట్టేసి చెరువు తవ్వుతుంటే నాకు గుండె ఝల్లుమనేది ఇందుకే.

నదీజలాల కొలత ఒక్కటే చాలదనడానికి ఇంకో ఆధారం. గంగా-బ్రహ్మపుత్ర మొగ దగ్గర నది సన్నగా పారే కాలంలో కూడా రేడియం, బేరియం బాగా ఎక్కువున్నాయని 1997లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త విలార్డ్ మూర్ చూపించారు. నేలలోంచి ఊరే నీళ్లు వాటిని పెద్ద ఎత్తున మోసుకొస్తున్నాయని ఆయన తేల్చారు.

కాబట్టి రాజమండ్రిలో ఒక సీసా పట్టి లెక్క కట్టకండి. ఆగస్టులో ఒకసారి, ధవళేశ్వరం నుంచి దిగువకు నీళ్లు దాదాపు ఆగిపోయే ఏప్రిల్‌లో ఒకసారి, మంచినీళ్ల నుంచి ఉప్పునీళ్ల దాకా వరుసగా పట్టండి. జింకు పూత బకెట్ మాత్రం వాడొద్దు. మనం కొలిచేది లీటరుకు మైక్రోగ్రాముల్లో. నా మొదటి ఏడాది జింకు అంకెలన్నీ ఆ బకెట్ వల్లే పోయాయి.