పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ నిజంగానే మునిగిపోయిన ఊళ్లో పుట్టిందా?

మీ అమ్మాయికి అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ స్టేట్‌లో సీటొచ్చిందన్నారు. ఆ కాలేజీ వరదకు కొట్టుకుపోయిన ఊళ్లో మొదలైందట, నిజమేనా, చూడ్డానికి అక్కడ ఇప్పుడేమైనా మిగిలిందా అని అడిగారు. నిజమే. ఆ ఊరి పేరు వాన్‌పోర్ట్. నేను అదే యూనివర్సిటీలో సివిల్ చదివి, ఈ ఊళ్లోనే ఉండిపోయాను. మాది కోనసీమ. 1986 గోదావరి వరదల కథలు వింటూ పెరిగినవాణ్ణి, కాబట్టి వాన్‌పోర్ట్ గురించి ఎవరు అడిగినా నా మాట ముందు ఏటిగట్టు మీదికే పోతుంది. ఓపిక పట్టండి, మీ ప్రశ్నకూ వస్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ కైజర్ అనే పారిశ్రామికవేత్త ఇక్కడ ఓడలు కట్టే యార్డులు పెట్టాడు. దేశం నలుమూలల నుంచీ జనాన్ని రైళ్లలో దింపాడు. వాళ్లకు ఇళ్లేవీ? పోర్ట్‌లాండ్‌లో హౌసింగ్ అథారిటీ, అంటే ప్రభుత్వ ఇళ్లు చూసుకునే సంస్థ, పుట్టిందే 1941 డిసెంబర్‌లో, అదీ అయిష్టంగా. ప్రభుత్వం ఇళ్లు కట్టడమంటే ఊరి పెద్దలకు, రియల్ ఎస్టేట్ వాళ్లకు గిట్టేది కాదు. కైజర్ వాళ్ల కోసం ఆగలేదు. నేరుగా కేంద్రంతో మాట్లాడుకుని, ఊరి పొలిమేర అవతల, కొలంబియా నది పక్కన 650 ఎకరాల పల్లపు నేలలో 1942లో పని మొదలుపెట్టాడు. ఊళ్లో చాలా భాగం 110 రోజుల్లో లేచిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్తారు. దాదాపు పదివేల ఇళ్లు, జనం ఎక్కువగా ఉన్న రోజుల్లో 42 వేల మంది. ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ తర్వాత పెద్ద ఊరు అదే.

ఇళ్లంటే ఏం ఇళ్లు! రెండంతస్తుల చెక్క బిల్డింగులు, ఒక్కోదాంట్లో 14 వాటాలు. పునాది లేదు, చెక్క దిమ్మెల మీద నిలబెట్టారు. వంటకు రెండు పొయ్యిల హాట్‌ప్లేట్, సామాను చెడిపోకుండా ఐస్ గడ్డ పెట్టుకునే పెట్టె. పక్క వాటాలో దగ్గితే ఇక్కడ వినపడే గోడలు. పగలు డ్యూటీ వాళ్లు, రాత్రి డ్యూటీ వాళ్లు ఒకే కప్పు కింద ఉంటే నిద్రలెలా పట్టాయో! యుద్ధం అయిపోగానే పీకేసేవే కదా అని అలా కట్టారు. 110 రోజుల ఘనత గురించి విన్నప్పుడల్లా నాకు ఆ చెక్క దిమ్మెలే గుర్తొస్తాయి.

యుద్ధానికి ముందు పోర్ట్‌లాండ్‌లో నల్లజాతివాళ్లు రెండు వేల మంది కూడా లేరు. తెల్లవాళ్ల వీధుల్లో వాళ్లకు ఇల్లు అమ్మకూడదని రియల్టర్ల సంఘం 1919లోనే నియమం పెట్టుకుంది. ఓడల పనికి వేల మంది వచ్చాక వాళ్లకు దిక్కు వాన్‌పోర్టే. అక్కడా ఇళ్లు విడివిడిగానే కేటాయించారు గానీ, బడి, సినిమా హాలు మాత్రం అందరికీ ఒకటే. ఆ రోజుల్లో ఆరెగాన్‌లో అదే పెద్ద విశేషం. యుద్ధకాలంలో ప్రభుత్వం బంధించి ఉంచిన క్యాంపుల నుంచి తిరిగొచ్చిన జపనీస్ అమెరికన్లు కొందరు కూడా ఇక్కడే తలదాచుకున్నారు. ఊళ్లో అద్దెకు ఇల్లు దొరికేవాడెవడూ ఈ పల్లంలోకి వచ్చి ఉండడు.

యుద్ధం ముగిసింది, యార్డుల్లో పని తగ్గింది, సగానికి పైగా జనం వెళ్లిపోయారు. అప్పుడే సైన్యం నుంచి వచ్చిన కుర్రాళ్లు జీఐ బిల్ (మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే చట్టం) డబ్బుతో చదువుకోవాలని బయల్దేరారు. ఏ కాలేజీ ఊళ్లో చూసినా గది దొరకదు, అందులోనూ పెళ్లాం పిల్లలున్నవాడికి అసలే దొరకదు. స్టీఫెన్ ఎప్లర్ అనే ఆయనకు ఓ ఆలోచన వచ్చింది: వాన్‌పోర్ట్‌లో ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, కాలేజీనే అక్కడ పెడితే పోలా? (ఆరుగురితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌ను కనిపెట్టిందీ ఈయనే. ఉన్నదాంతో సర్దుకోవడం ఈయనకు అలవాటే అన్నమాట.) 1946 వేసవిలో 221 మందితో క్లాసులు మొదలయ్యాయి. మామూలుగా కాలేజీ కట్టాక హాస్టల్ కడతారు, ఇక్కడ ఖాళీ ఇళ్లను చూసి కాలేజీ పెట్టారు. మీ అమ్మాయి చేరబోయే యూనివర్సిటీ పుట్టుక అదీ.

ఇప్పుడు గట్టు సంగతి. వాన్‌పోర్ట్‌కు నాలుగు వైపులా కట్టలు, మధ్యలో గిన్నె అడుగులా ఊరు. పడమటి వైపున్నది మాత్రం ఏటిగట్టు కాదు, రైల్వే కట్ట. అది రైలు బరువు మోయడానికి వేసింది, నెలల తరబడి నీటిని ఆపడానికి కాదు. మా వైపు వరదొస్తే మగవాళ్లంతా రాత్రంతా గట్టు మీద కాపలా ఉండేవారు. గట్టు అడుగున ఊట తేటగా వస్తే ఫర్వాలేదు, బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఇసుక బస్తాలతో పరుగెత్తాల్సిందే. ఇదే సంగతి తర్వాత ఇక్కడి క్లాసులో ఇంగ్లీషులో, ఫార్ములాలతో చెప్పారు.

1948లో కొండల మీద మంచు బాగా పడింది, మే నెలలో ఎండా వానా కలిసొచ్చి కొలంబియా పొంగింది. ఊరి నేల కన్నా పదిహేను అడుగుల ఎత్తున నీళ్లు నిలిచాయి. మే 30, ఆదివారం పొద్దున్న హౌసింగ్ అథారిటీ ఇంటింటికీ కాగితం పంచింది: కట్టలు ప్రస్తుతం భద్రం, అవసరమైతే చెప్తాం, వెళ్లడానికి టైముంటుంది, కంగారు పడకండి అని. సాయంత్రం 4:17కి రైల్వే కట్టకు గండి పడింది. చెక్క ఇళ్లు దిమ్మెల మీంచి లేచి తేలుతూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఊళ్లో ఉన్న మడుగులు, పాత కాలవలు ముందొచ్చిన నీటిని కాస్త పీల్చుకోబట్టి అరగంట చిల్లర టైము దొరికింది. సెలవు రోజు కావడంతో చాలామంది ఊళ్లో లేరు. 18,500 మంది ఉన్న ఊళ్లో చనిపోయినట్టు తేలినవాళ్లు 15 మంది. ఒక్క రాత్రికి ఊరే లేదు. దీన్ని ప్రకృతి వైపరీత్యం అని వదిలేసేవాళ్లతో నాకు పేచీ. నది పొంగడం ప్రకృతే. రైల్వే కట్టను నమ్ముకుని దాని కింద జనాన్ని ఉంచి, కంగారు పడకండని చీటీలు పంచడం ఎవరి పని?

వరద తర్వాత నల్లజాతి కుటుంబాల్లో ఎక్కువమంది పోర్ట్‌లాండ్‌లోని ఆల్బైనా అనే పేటలో ఇరుక్కోవాల్సి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో స్టేడియం, హైవే, ఆసుపత్రి విస్తరణ అంటూ అక్కడి ఇళ్లూ కూల్చారు. కాలేజీ మాత్రం బతికింది: ముందు ఓడల యార్డు బిల్డింగుల్లోకి, 1952లో డౌన్‌టౌన్‌లోని పాత లింకన్ హైస్కూల్లోకి మారింది, 1969లో యూనివర్సిటీ అయింది. అదే ఏడాది క్యాంపస్ చుట్టూ కూల్చేయబోతున్న పాత అపార్ట్‌మెంట్లను నడుపుతామని విద్యార్థులే ఓ సంస్థ పెట్టుకున్నారు. చదువుకునేటప్పుడు నేను ఉన్నదీ క్యాంపస్‌లోని పార్క్ బ్లాక్స్ అనే పార్కు పక్కన అలాంటి పాత ఇటుక బిల్డింగులోనే. చలికాలం రేడియేటర్ రాత్రంతా టకటకలాడేది, అయినా క్లాసుకు నడిచి వెళ్లే దూరం.

ఇక చూడ్డానికంటారా, ఇల్లు ఒక్కటీ లేదు. క్యాంపస్ దగ్గర మ్యాక్స్ అనే సిటీ రైలు యెల్లో లైన్ ఎక్కి డెల్టా పార్క్/వాన్‌పోర్ట్ స్టేషన్లో దిగండి. పాత ఊరి స్థలంలో ఇప్పుడు గోల్ఫ్ కోర్సు, కార్ల రేసు ట్రాక్ ఉన్నాయి. ట్రాక్‌ను మొదట్లో వాన్‌పోర్ట్ రోడ్ల మీదే వేశారు. ఫోర్స్ లేక్ దగ్గర కాసేపు తిరిగి, మరీన్ డ్రైవ్ వైపు గట్టెక్కి రెండు పక్కలా చూస్తే, నది ఎంత ఎత్తులో ఉందో, ఊరు ఎంత పల్లంలో ఉండేదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఓపికుంటే లైన్ చివరి స్టేషన్ ఎక్స్‌పో సెంటర్‌దాకా వెళ్లండి. 1942లో జపనీస్ అమెరికన్లను పశువుల ప్రదర్శనశాలలో బంధించి ఉంచింది అక్కడే. గుర్తుగా చెక్క తోరణాలు నిలబెట్టి వాటికి లోహపు బిళ్లలు వేలాడదీశారు. మే నెలలో వెళ్తే వాన్‌పోర్ట్ మొజాయిక్ అనే సంస్థ పెట్టే కార్యక్రమాలు కూడా చూడొచ్చు. రేసు ఉన్న రోజు మాత్రం వద్దు, ఆ మోతలో పక్కవాళ్ల మాటే వినపడదు.