మిక్సీ మూత మీద ఎడమ చెయ్యి

ప్రశ్న: మేడమ్, మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ప్రొడక్ట్ డిజైనర్ అవ్వాలని ఉంది, కానీ బొమ్మలు అంతంతమాత్రం. మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు? ఒక వస్తువును ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు?
– ఎస్.కె., తెనాలి

జవాబు: నాదీ మెకానికలే. చదువవగానే జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ (కరిగించి అచ్చుపోసే) యూనిట్‌లో చేరాను. డిజైనర్లు ముచ్చటైన డ్రాయింగులు తెచ్చేవారు. మా ఫోర్‌మన్ గారు ఒక్క చూపు చూసి, "ఇది మౌల్డులోంచి ఊడి రాదమ్మా" అనేవారు. గోడలు నిట్టనిలువుగా ఉంటే ముక్క పట్టేస్తుంది, కనీసం ఒక డిగ్రీ వాలు ఉండాలి. బలం కోసం లోపల పెట్టే రిబ్ (సన్నటి పట్టీ) కూడా గోడంత మందం ఉంటే చల్లారేటప్పుడు పైన గుంట పడుతుంది, గోడలో సగం మందం చాలు. ఇలాంటివన్నీ అక్కడే వంటబట్టాయి. ఒకళ్లు గీసినవి తిప్పి పంపే బదులు మనమే గీస్తే పోలా అనిపించి సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి, డిజైన్ పీజీ ఎం.డెస్‌లో చేరాను.

తర్వాత కోయంబత్తూరులో మిక్సీల కంపెనీ. మా హెడ్ మొదట్లో కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు, వంటిళ్లు చూసి రమ్మన్నారు. మూతకి లాక్ ఉన్నా సరే, ఆడవాళ్లు ఎడమ చేత్తో దాన్ని అదిమిపట్టి, కుడి చేత్తో నాబ్ తిప్పుతారు. లాక్ మీద నమ్మకం లేదు. ఒకసారి పచ్చడి ఎగిరి గోడకి కొట్టినవాళ్లకి ఎలా ఉంటుంది మరి! పచ్చడి కచ్చాపచ్చాగా రావాలని నాబ్‌ని పల్స్ వైపు తిప్పి వదులుతుంటారు, అదీ తడి చేత్తో. అందుకే మూత నడిమికి అరచెయ్యి కుదురుకునేలా కొంచెం పల్లం ఇచ్చాం. నాబ్‌కి సన్నటి గాళ్లు తీసేసి (వాటిలో పిండి ఇరుక్కుని ఎండిపోతుంది) రెండు వెడల్పు రెక్కలు పెట్టాం. ఫోమ్ చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది చేసిన నమూనాలు పట్టుకుని మళ్లీ ఆ ఇళ్లకే వెళ్లాం. స్క్రీన్ మీద బాగున్న నాబ్ చేతిలో జారిపోయిన సందర్భాలు బోలెడు.

ఓవర్‌లోడ్ ఎర్ర బటన్ సంగతి మాత్రం చెప్పాలి. చాలా మిక్సీలకి అది అడుగున ఉంటుంది. భారం ఎక్కువై మోటారు ఆగిపోతే, మళ్లీ తిరగాలంటే అంత బరువునీ పడుకోబెట్టి దాన్ని నొక్కాలి. ఆ బటన్ ఉందని తెలియక మెకానిక్‌ని పిలిచే ఇళ్లూ ఉన్నాయి. దాన్ని పక్కకు తెద్దామంటే తడి లోపలికి పోతుందని మోటారు ఇంజినీర్లు ఒప్పుకోలేదు. రబ్బరు తొడుగుతో, నీరు కిందికి జారిపోయే వాలుతో మౌల్డు ఎలా చెయ్యొచ్చో గీసి చూపించాకే దిగొచ్చారు. ఆ పోట్లాటలో నన్ను గట్టెక్కించింది జీడిమెట్ల చదువే. కాబట్టి మీ మెకానికల్‌ని వదిలించుకోవాలని చూడకండి.

బొమ్మల విషయానికొస్తే, చిత్రకారులు కానక్కర్లేదు. ఇంట్లో కుక్కర్‌ని, బిందెని రోజూ నాలుగు కోణాల్లో గీయండి, మూత ఎలా బిగుస్తుందో పక్కన విడిగా వెయ్యండి. 1958లో మన ప్రభుత్వం పిలిస్తే వచ్చిన అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు తమ నివేదికలో మన చెంబు గురించి రాసిన భాగం చదవండి. నీళ్లెన్ని పడతాయి, తల మీద మోస్తారా నడుమునా, ఎలా ఒంపుతారు, ఖాళీగా ఉంటే నిలబడుతుందా అని వరసగా అడుగుతూ పోతారు. 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ విద్యాసంస్థ) పుట్టింది ఆ నివేదిక తర్వాతే. నేను ఏ వస్తువు దగ్గరైనా ఇప్పటికీ అలాంటి ప్రశ్నలతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: మా అబ్బాయిది ఇంటర్ సీఈసీ. డిజైన్‌కి పనికొస్తాడా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నిక్షేపంగా. డిజైన్ డిగ్రీ (బి.డెస్) ప్రవేశానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్‌ ఏ గ్రూపువాళ్లయినా రాయొచ్చు, ఐఐటీ హైదరాబాద్‌లోనూ బి.డెస్ ఉంది. ఎన్‌ఐడీలకి వేరే పరీక్ష, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్‌ఐడీ ఉంది. ఆరు నెలల్లో డిజైనర్‌ని చేస్తామని లక్షలడిగేవాళ్ల దగ్గరికి వెళ్తే, కట్టే ముందు అక్కడి వర్క్‌షాపు చూపించమనండి. కంప్యూటర్లు మాత్రమే కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.