మధ్యయుగ జపాన్‌లో ఊరూరా తిరిగిన ‘హిజిరి’లు నిజమైన బౌద్ధ భిక్షువులేనా?

మీరు రెండు సంగతులు అడిగారు. హిజిరిలు అసలు భిక్షువులేనా, లేక మన హరిదాసుల్లాగా పాడుతూ గడప గడపకూ తిరిగేవాళ్ళా అని. ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్ళు ఒసాకాలో ఉన్నాను. ఈ విషయంలో పుస్తకాలకన్నా రెండు చోట్లు నాకు ఎక్కువ నేర్పాయి. వాటినే ఆధారం చేసుకుని చెబుతాను.

కొందరు పద్ధతి ప్రకారం దీక్ష తీసుకున్నవారే. ఇంకొందరు తమంతట తామే తల గొరిగించుకుని బయలుదేరినవారు. ఆ తేడా జనానికి పట్టలేదు. పెద్ద మఠాల్లోని భిక్షువులు రాజ్యక్షేమం కోసం, ప్రభువుల కుటుంబాల కోసం పారాయణాలు చేసేవారు. శవాన్ని తాకితే మైల. మైల సోకినవారు కొన్నాళ్ళపాటు దైవకార్యాలకు దూరంగా ఉండాలి. మరి పేదవాడు చనిపోతే? కట్టెలు కొనే స్తోమత లేనివాళ్ళు శవాన్ని ఊరి బయట వదిలేసి వచ్చేవారు. అక్కడికి వెళ్ళినవాడు హిజిరి.

క్యోటోలో రొకుహరమిత్సుజి అనే చిన్న గుడి ఉంది. పూర్వం తొరిబెనో శ్మశానానికి వెళ్ళే దారి మొదట్లో ఉండేది. దాన్ని స్థాపించిన కూయ (903–972) శిల్పం ఇప్పటికీ అక్కడే ఉంది. కొయ్యతో చేసినది, ఎత్తు నాలుగడుగులకన్నా కాస్త తక్కువే. 13వ శతాబ్దంలో ఉన్కెయి అనే మహాశిల్పి కొడుకు కోషో చెక్కాడు. అందరూ ముందు నోటినే చూస్తారు. తెరిచిన నోటిలోంచి సన్నని తీగ మీద ఆరు చిన్న బుద్ధ ప్రతిమలు వరసగా బయటికి వస్తుంటాయి. తన పేరు తలచినవారిని తన పుణ్యలోకానికి చేర్చుకుంటానని ప్రతిన పూనిన బుద్ధుడు అమితాభుడు. ‘నమో అమితాభ బుద్ధ’ అన్న ఆయన నామమే జపనీయుల నోట ‘నము అమిదా బుత్సు’ అయింది. వాళ్ళ లిపిలో ఆరు అక్షరాలు, అందుకే ఆరు ప్రతిమలు. నామం పలుకుతుంటే ఒక్కో అక్షరం ఒక్కో బుద్ధుడవుతున్నాడన్నమాట.

నేను మాత్రం ఆయన కాళ్ళ దగ్గర ఆగిపోయాను. మోకాళ్ళ దాకా ఎగగట్టిన బట్ట, ఎండిపోయిన పిక్కలు, గడ్డి చెప్పులు. ఛాతీ మీద వేలాడే చిన్న కంచు జేగంట, ఒక చేతిలో దాన్ని కొట్టే సుత్తి, మరో చేతిలో కొనకు జింక కొమ్ము బిగించిన కర్ర. రోజూ తన కుటీరం దగ్గర కూసే జింకను వేటగాడు చంపితే, దాని కొమ్మునూ తోలునూ అడిగి తెచ్చుకుని తన వెంటే ఉంచుకున్నాడని కథ. గద్దె మీద కూర్చున్న గురువులా కాకుండా, నడుస్తూ అలసిపోయిన మనిషిలా చెక్కారు ఆయన్ని. దిక్కులేని శవాలను పోగుచేసి, నూనె పోసి దహనం చేసి, నామం చెప్పేవాడట. నీళ్ళు లేని చోట బావులు తవ్వించాడు. 938 నుంచి క్యోటో సంతల్లో నామం చెబుతూ తిరిగాడు కాబట్టి ‘సంత హిజిరి’ అన్నారు.

రెండో మనిషి ఇప్పెన్ (1239–1289). 1274లో ఇల్లు విడిచి, నామం అచ్చు వేసిన చిన్న కాగితపు చీటీలు పంచుతూ బయలుదేరాడు. కుమానో అనే పుణ్యక్షేత్రానికి వెళ్ళే కొండదారిలో ఎదురైన ఒక భిక్షువు చీటీ తీసుకోనన్నాడు. నాలో విశ్వాసం పుట్టలేదు, పుట్టకుండా తీసుకుంటే అది అబద్ధమవుతుంది అన్నాడు. చుట్టూ జనం చూస్తున్నారు. ఇతను కాదంటే మిగతావాళ్ళూ తీసుకోరని ఇప్పెన్‌కు దిగులు పట్టుకుంది. విశ్వాసం లేకపోయినా సరే తీసుకో అని చేతిలో పెట్టేశాడు. పెట్టాడు గానీ, తాను చేసింది సరైనదేనా అన్న ప్రశ్న వదల్లేదు. కుమానో దేవాలయంలో ప్రార్థించినప్పుడు దేవుడు కొండల్లో తిరిగే తపసి రూపంలో కనిపించి, జనం తరించేది నీ బోధ వల్ల కాదు, వాళ్ళ ముక్తి ఏనాడో నిశ్చయమైపోయింది, విశ్వాసం ఉందా లేదా, శుచిగా ఉన్నారా లేదా అని చూడకుండా చీటీలు పంచు అన్నాడట.

హిజిరిలను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క కథ చాలని నా అభిప్రాయం. ఆ భిక్షువు అబద్ధమాడలేదు. ఇప్పెన్ కూడా తన తొందరపాటును దాచుకోలేదు. ఆయన పోయిన పదేళ్ళకు, 1299లో, శిష్యులు పన్నెండు చుట్టల చిత్రగాథగా ఆయన జీవితాన్ని గీయించినప్పుడు ఈ ఘట్టాన్ని తీసెయ్యలేదు. ఆ బొమ్మల్లో సంతలున్నాయి, బిచ్చగాళ్ళున్నారు, కుష్ఠురోగులున్నారు. పోయేముందు ఇప్పెన్ తన దగ్గరున్న గ్రంథాలను తగలబెట్టాడు. మిగిలింది నామం ఒక్కటే.

ఇక నేను చూసిన రెండో చోటు కోయాసాన్ కొండ. షింగోన్ అనే బౌద్ధ శాఖను జపాన్‌లో స్థాపించిన కూకాయి, 816లో చక్రవర్తి అనుమతి పొంది ఆశ్రమం కట్టుకున్న చోటు. ఆయన చనిపోలేదని, మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా అక్కడే సమాధి స్థితిలో ఉన్నాడని నమ్మకం. ఆయన పక్కన తమ అస్థికలు ఉండాలని దేశమంతా కోరుకుంది. ఆ కోరికను ఊరూరా చేర్చినవారు, వీపున చెక్కపెట్టె మోస్తూ పల్లెల నుంచి ఎముకలు తెచ్చినవారు కోయా హిజిరిలు. స్త్రీలకు 1872 దాకా ఆ కొండ మీద ప్రవేశం నిషిద్ధం. అయినా 1160లో మరణించిన బిఫుకుమోన్-ఇన్ మహారాణి అస్థికలు కొండ ఎక్కాయి.

మా నాన్నగారు పోయిన మరుసటి ఏడాది అక్కడికి వెళ్ళాను. పెద్ద పెద్ద దేవదారు చెట్ల మధ్య రెండు కిలోమీటర్ల దారి, రెండు లక్షలకు పైగా సమాధులు. నా ముందు ఒక వృద్ధురాలు తెల్లని బట్టలో కట్టిన చిన్న పెట్టెను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నడుస్తోంది. గొంతు దగ్గరి ఒక ఎముక కూర్చున్న బుద్ధుడిలా ఉంటుందని, దాన్ని విడిగా తీసి తెస్తారని నాతో వచ్చిన సహోద్యోగి చెప్పాడు. సంచయనం రోజున పాలు చల్లిన బూడిదలోంచి నాన్నగారి ఎముకలు ఏరి కొత్త ముంతలో వేసుకుని, మూతికి బట్ట కట్టి, రాజమండ్రి రైల్లో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను నేను. రాత్రంతా కింద పెట్టలేదు. ఆ వృద్ధురాలి చేతులు చూసినప్పుడు కోయా హిజిరి వీపు మీది బరువు ఎలాంటిదో తెలిసింది. అతను మోసింది తనవాళ్ళను కాదు, ఊరూపేరూ తెలియనివాళ్ళ తల్లులనూ తండ్రులనూ.

అందుకే హరిదాసులతో పోలిక సగమే కుదురుతుంది. ఇద్దరూ నామంతో గడప ముందుకు వస్తారు. హిజిరి చావు ఇంటికి కూడా వచ్చేవాడు.

అందరూ మహానుభావులేనని నేను అనను. తర్వాతి కాలంలో కోయా హిజిరికి రాత్రి బస ఇవ్వొద్దు, కూతురు దక్కదు అన్న సామెత పుట్టింది. బట్టల వ్యాపారం చేసినవాళ్ళూ ఉన్నారు. 1581లో ఓదా నొబునాగా అనే యుద్ధప్రభువు వాళ్ళను వందల సంఖ్యలో చంపించాడు. విరాళాలు సేకరించే హిజిరిల సంగతి మరో పెద్ద కథ. 1180లో తగలబడిన నారాలోని తోదాయిజి మహాలయాన్ని తిరిగి నిలబెట్టే భారం చోగెన్ అనే అలాంటి హిజిరి తన అరవై ఒకటో ఏట తలకెత్తుకున్నాడు. దాని గురించి విడిగా అడిగితే రాస్తాను.

క్యోటో వెళ్ళే వీలుంటే డిసెంబరులో వెళ్ళండి. 13వ తేదీ నుంచి రొకుహరమిత్సుజిలో సాయంత్రం పూట కూయ పేరున నామసంకీర్తన జరుగుతుంది. నామజపం నిషిద్ధమైన రోజుల్లో దాన్ని రహస్యంగా చేసేవారట. ఎవరైనా వస్తే పట్టుబడకూడదని అక్షరాలు మార్చి ‘మోదా నన్మైతో’ అని పలికేవారు. ఇప్పటికీ అలాగే పలుకుతారు. భిక్షువులు ఛాతీ మీది జేగంటలు కొడుతూ, నడుము వంచి, ఒకరి వెనక ఒకరు తిరుగుతారు. ముందు వరసలో కూర్చోండి, వాళ్ళ పాదాలు కనిపిస్తాయి.