డిస్ప్నియా జబ్బు పేరు కాదు

మీ నాన్నగారి రిపోర్టులో 'డిస్ప్నియా, గ్రేడ్ 2' అని రాశారని, అదేదో కొత్త జబ్బేమోనని అడిగారు. కంగారు పడకండి. అది జబ్బు కాదు, లక్షణం. మనం ఆయాసం అనేదే. గ్రీకులో 'డిస్' అంటే కష్టమైన, 'ప్నోయే' అంటే శ్వాస. లాటిన్ మీదుగా వైద్యభాషలోకి వచ్చింది. నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియాలోనూ ఉన్నది ఈ 'ప్నోయే'నే. దాని ముందున్న 'అ' లేమిని చెబుతుంది, మన 'అశాంతి'లో లాగే.

గ్రేడ్లు 0 నుంచి 4 వరకు ఉంటాయి. 2 అంటే చదునైన దారిలో కూడా ఆయాసం వల్ల తన ఈడువారికంటే నెమ్మదిగా నడవడం, లేదా ఊపిరి కోసం మధ్యలో ఆగడం. కారణం ఆస్తమా కావచ్చు, గుండె బలహీనత కావచ్చు, రక్తహీనత కూడా కావచ్చు. అందుకే దయచేసి మందుల దుకాణంలో అడిగి ఇన్‌హేలర్ కొనకండి.

పడుకుంటే ఆయాసం పెరిగి, లేచి కూర్చుంటే తగ్గుతోందా? అది ఆర్థాప్నియా ('ఆర్థోస్' అంటే నిటారు). ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, గుండె పరీక్షలు అవసరం కావచ్చు. అమీర్‌పేటలో ఉంటామన్నారు కాబట్టి ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి మీకు దగ్గరే. పెదవులు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.