పంచనామాలో పేర్లెందుకు రాయలేదు?

ప్రశ్న: మా అన్నయ్య కూతురు పెళ్లైన నాలుగో ఏట అత్తవారింట్లో ఉరికి వేలాడుతూ కనిపించింది. ఎస్సై ఇద్దరు ఊరివాళ్లతో పంచనామా రాయించారు. మేం అనుమానించినవాళ్ల పేర్లు అందులో చేర్చలేదు. తహసీల్దారు రాలేదు. పోస్టుమార్టం అయింది, ఖననం చేశాం. విసెరా (విషపరీక్షకు పంపే శరీర లోపలి అవయవాల భాగాలు) రిపోర్టు ఇంకా రాలేదు. ఇప్పుడేం చేయగలం? మనకు కరోనర్లు (చావు కారణం తేల్చే ప్రత్యేక అధికారులు) లేరా?

జవాబు: పేర్లు రాయకపోవడం తప్పు కాదు. చావు ఎలా వచ్చినట్టు కనబడుతోంది, ఒంటిమీద ఏ గాయాలున్నాయి అన్నంతవరకే పంచనామా. ఎవరు చేశారన్నది దాని పని కాదని 1975లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన పెద్ద నారాయణ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. పేర్లు ఫిర్యాదులో ఉండాలి.

తప్పు జరిగింది తహసీల్దారు రాకపోవడంలో. పెళ్లైన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, ఆమె చావు మీద అనుమానమున్నా మేజిస్ట్రేటు (ఇక్కడ తహసీల్దారు) విచారణ తప్పనిసరి. పాత సీఆర్పీసీ (నేర విచారణ స్మృతి) 176వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 196. కాబట్టి ఆర్డీవోకు, కలెక్టరుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి విచారణ కోరండి. పాతిపెట్టిన శవాన్ని వెలికితీయించే అధికారం కూడా ఆ సెక్షనే ఇస్తోంది. అప్పుడు వీలైనంతవరకు తల్లిదండ్రులకు ముందే తెలియజేసి, వాళ్లను అక్కడ ఉండనివ్వాలి. ఆలస్యం చేయకండి, మెడమీది గుర్తులు కుళ్లిపోతాయి.

పోస్టుమార్టం నివేదికలో ముందు మెడ వివరాలు చూడండి. ఉరిలో గుర్తు సాధారణంగా గొంతుముడి పైభాగంలో, ఏటవాలుగా, పూర్తిగా చుట్టుకోకుండా ఉంటుంది. తాడుతో బిగించి చంపితే కిందుగా, అడ్డంగా, మెడ చుట్టూరా పడుతుంది. ఉరితాడును ముడి విప్పకుండా, ముడికి దూరంగా కోసి భద్రపరచాలి. చాలాచోట్ల కంగారులో ముడి విప్పేస్తారు, దాంతో ఓ బలమైన ఆధారం పోతుంది. విసెరాను సంతృప్త ఉప్పునీటిలో ఉంచారో, పొరపాటున శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్‌లో పెట్టారో కూడా అడగండి. ఫార్మలిన్‌లో పడితే చాలా విషాలు పట్టుబడవు.

ఇక కరోనర్లంటారా, 1871 చట్టం కింద కలకత్తా, బొంబాయి నగరాలకు ఉండేవారు. ముంబైలో 1999లో ఆ పదవి రద్దయింది. రెవెన్యూ పనుల మధ్య తహసీల్దారు చేసే విచారణకు, చావు కారణం తేల్చడమే వృత్తిగా ఉన్న అధికారి చేసే విచారణకు చాలా తేడా ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం పంచనామాను 24 గంటల్లో జిల్లా లేదా సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుకు పంపాలంది. మీరు ఎదురుచూస్తున్న విసెరా రిపోర్టుకు మాత్రం గడువేదీ పెట్టలేదు. సంస్కరణ అక్కడే మొదలుకావాలి.