బోరు నీళ్ల రేడియేషన్ గైగర్ మీటరుకు ఎందుకు చిక్కదు

ఒడిశాలో, గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర ఖనిజ ఇసుక ప్లాంటుకు కాస్త ఎడంగా బోరు ఉందని, నీళ్ల బిందె పక్కన గైగర్ మీటరు పెడితే గంటకు 0.4 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు) వస్తోందని, ఆ నీళ్లు తాగొచ్చా అని కదా అడిగారు. ఆ అంకె నీళ్లది కాదండీ, నేలది. గంజాం తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియేషన్ వదిలే థోరియం ఉంది. అక్కడే ఖాళీ బిందె పెట్టి చూడండి, దాదాపు అంతే వస్తుంది. నీళ్లలోని రేడియోధార్మిక పరమాణువులు వదిలే ఆల్ఫా కణం నీళ్లలో మిల్లీమీటరులో పదో వంతు కూడా పోదు, ఇక బిందె దాటి మీటరును చేరేదెక్కడ? తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లో మొత్తం ఆల్ఫాకు హద్దు లీటరుకు 0.1 బెక్వెరల్. అంటే లీటరు నీళ్లలో పది సెకన్లకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నం కావడం. చేతి మీటరుతో అది తేలదు.

థోరియం నీళ్లలో దాదాపు కరగదు. మీ చోట చూడాల్సింది దాని సంతానం, అంటే థోరియం విచ్ఛిన్నమైతే పుట్టే రేడియం-228. అది వదిలేది ఆల్ఫా కాదు, బలహీనమైన బీటా (ఎలక్ట్రాన్లు), కాబట్టి ఆల్ఫా రిపోర్టు బాగుందంటే రేడియం లేదని కాదు. ల్యాబులో హెచ్‌పీజీఈ (శుద్ధ జెర్మేనియం) గామా డిటెక్టర్ ఉందేమో అడగండి. దాంతో రేడియం-228 నుంచి పుట్టే ఆక్టీనియం-228 వదిలే గామా కిరణాల గీత (911 కేఈవీ శక్తి దగ్గర) చూసి లెక్కకడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిక రేడియం-228 కి లీటరుకు 0.1 బెక్వెరల్. ఇంత తక్కువ పట్టాలంటే లీటరు బాటిల్ చాలదు, ఎన్ని లీటర్లు కావాలో ముందే కనుక్కోండి.

పట్టేటప్పుడు మోటారు పది, పదిహేను నిమిషాలు వదిలి, ఈసీ మీటరు (నీళ్ల విద్యుత్ వాహకత కొలిచేది) రీడింగ్ నిలకడగా వచ్చాక కొత్త ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టండి. అక్కడికక్కడే లీటరుకు సుమారు 2 మి.లీ. గాఢ నైట్రిక్ యాసిడ్ కలపాలి, పీహెచ్ 2 కన్నా దిగిందో లేదో పట్టీతో చూడాలి. క్షారత ఎక్కువున్న నీళ్లకు ఇంకాస్త పడుతుంది. యాసిడ్ లేకపోతే రేడియం, యురేనియం డబ్బా గోడకు అంటుకుపోయి రిపోర్టు అబద్ధంగా 'బాగుంది' అంటుంది. చిలుము కనిపించే నీళ్లయితే యాసిడ్ కన్నా ముందే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టారో లేదో రాసి పెట్టండి.

తీరం బోర్లకు ఉప్పు పెద్ద చిక్కు. ఆల్ఫా లెక్కకు నీళ్లను పళ్లెంలో ఎండబెడతారు, మిగిలే ఉప్పు పొర చదరపు సెం.మీ.కి 5 మి.గ్రా. దాటితే ఆల్ఫా అందులోనే ఆగిపోతుంది. 20 చ.సెం.మీ. పళ్లెం, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 1500 మి.గ్రా. అయితే 65 మి.లీ. నీళ్లకు మించి ఎండబెట్టలేరు. బీటా ఎక్కువొస్తే కంగారుపడకుండా, నీళ్లలో సహజంగా ఉండే పొటాషియం ఇచ్చే బీటాను లెక్కలోంచి తీసేయమనండి, పొటాషియం గ్రాముకు సుమారు 28 బెక్వెరల్.

యురేనియం వేరే పరీక్ష, లీటరుకు 30 మైక్రోగ్రాములు హద్దు. ఫ్లోరిమీటరు (యురేనియం వెదజల్లే వెలుగును కొలిచే పరికరం) అయితే క్లోరైడ్, ఇనుము ఆ వెలుగును తగ్గిస్తాయి, అదే నీళ్లలో తెలిసినంత యురేనియం కలిపి పోల్చే స్టాండర్డ్ అడిషన్ పద్ధతిలోనే చేయమనాలి.

రిపోర్టులో ఉత్త 'బీడీఎల్' (పట్టగలిగే హద్దుకన్నా తక్కువ) అని రాసిస్తే తీసుకోకండి. ఆ పద్ధతి పట్టగలిగే కనిష్ఠం ఎంతో అంకెతో రాయించుకోండి. ఆల్ఫాకైనా, రేడియం-228 కైనా అది లీటరుకు 0.1 బెక్వెరల్ కన్నా పైనుంటే ఆ కాగితంతో మీ ప్రశ్నకు జవాబు దొరకదు.