బౌలర్ చేతి మీది మార్కర్లకు పేర్లు పెట్టేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మడూ, ఆటగాళ్ల కదలికల్ని కొలిచే స్పోర్ట్స్ బయోమెకానిక్స్ ల్యాబ్‌లో చేరావని, ముందుగా ఫాస్ట్ బౌలర్ల డేటాకు లేబులింగ్ చేసే పని అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. “అంతా సాఫ్ట్‌వేరే చేసేస్తుందట కదా అన్నయ్యా” అని కూడా అంది. చాలా వరకు చేస్తుంది, నిజమే. కానీ అది చేయలేక వదిలేసిన ఆ కాస్తలోనే ఒక కుర్రాడి బౌలింగ్ చెల్లుతుందా లేదా అన్నది తేలుతుంది. అందుకే రాస్తున్నాను.

కెమెరాలకు మోచేయి తెలీదు, మోకాలు తెలీదు. బౌలర్ ఒంటికి అంటించిన చిన్న చిన్న మార్కర్లు ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో మెరిసే చుక్కల్లా కనబడతాయి, అంతే. ఏ చుక్క ఏదో చెప్పడం లేబులింగ్. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ వైకాన్ నెక్సస్ అయినా, క్వాలిసిస్ వాళ్ల ఎయిమ్ అయినా, నువ్వు ముందు సరిగ్గా పేర్లు పెట్టి ఇచ్చిన రికార్డింగ్‌ను ఆధారం చేసుకునే తర్వాతివాటిని గుర్తుపడతాయి. ఆ మొదటిది తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. బౌలర్‌ను కదలకుండా నిలబెట్టి తీసే రికార్డింగ్‌కి, అదే స్టాటిక్ ట్రయల్‌కి, తొందర పడొద్దు. ఒక్క మార్కర్ కనబడకపోయినా మళ్లీ తీయించు.

నా మటుకు నాకు, లేబులింగ్‌లో సగం పని మార్కర్లు అంటించేటప్పుడే అయిపోతుంది. ఎడమ, కుడి తొడల మీద మార్కర్లు ఒకే ఎత్తులో పెట్టకు. కొంచెం తేడా ఉంటే ఏ కాలు ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. కుడి భుజం వెనక ఒక్క మార్కర్ అదనంగా పెట్టేది కూడా ఇందుకే. బంతి వేశాక బౌలర్ ముందుకు వంగిపోతాడు, నడుం ముందువైపు మార్కర్లు రెండూ కడుపు మడతలో దాక్కుంటాయి. నడుం పక్కల మరో రెండు పెట్టి ఉంచితే వాటి ఆధారంతో, మార్కర్ కనబడని ఆ ఖాళీ నింపొచ్చు. చెమటకు టేప్ ఊడుతుంది, అంటించే ముందు చర్మం శుభ్రంగా తుడువు. షూ మీద మెరిసే పట్టీలుంటే నల్ల టేప్ వేసి మూసెయ్, లేకపోతే అవీ మార్కర్లలాగే కనబడతాయి.

ఇక చేయి. అసలు టెన్షన్ ఇక్కడే. మణికట్టు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకో. సెకనుకు 200 ఫ్రేములు తీస్తే ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి 10 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మణికట్టుకి అటూ ఇటూ పెట్టిన రెండు మార్కర్ల మధ్య దూరం అంతకంటే తక్కువ. వేగాన్ని బట్టి తర్వాతి చోటు ఇదీ అని సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది కానీ, నాలుగు ఫ్రేములు మార్కర్ మాయమై తిరిగొస్తే ఆ అంచనా దారి తప్పుతుంది, పేర్లు తారుమారవుతాయి. ఫ్రేమ్ రేటు పెంచమని మొదటి రోజే అడుగు.

ఐసీసీ నిబంధన తెలుసుగా? పైచేయి అడ్డంగా వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచేయి 15 డిగ్రీలకు మించి చాచుకోకూడదు. బంతి వదిలే ముందు మూడు ఫ్రేముల్లో మోచేతి లోపలి మార్కర్, బయటి మార్కర్ పేర్లు మారితే కోణం ఒక్కసారిగా ఎగురుతుంది. అలా ఎగిరితే కనబడుతుంది కాబట్టి ఫర్వాలేదు. దాని మీద ఫిల్టర్, అంటే గ్రాఫ్‌లోని కుదుపుల్ని నునుపు చేసే లెక్క, వేస్తేనే ప్రమాదం. ఆ ఎగురుడు నునుపుగా సాగి, కుర్రాడు నిజంగానే చెయ్యి చాచినట్టు గ్రాఫ్‌లో కూర్చుంటుంది. అందుకే లేబుళ్లు చూడకుండా ఫిల్టర్ జోలికి వెళ్లకు.

ఎలా చూడాలంటే, ఒకే ఎముక మీదున్న రెండు మార్కర్ల మధ్య దూరం గ్రాఫ్ గీయించు. చర్మం కదలడం వల్ల కొద్దిగా ఊగుతుంది, అంతకు మించి మారకూడదు. ఉన్నట్టుండి మెట్టులా లేస్తే అక్కడ పేర్లు మారినట్టే. తర్వాత ఆ చుట్టుపక్కల ఫ్రేములు ఒక్కొక్కటిగా నడిపి చూడు. మొండెం నుంచి మొదలుపెట్టి వేళ్ల వైపు వెళ్లు, తిరగేసి వద్దు.

ఖాళీలు నింపడం గురించి ఒక్కటే చెప్తా. చిన్న ఖాళీకి స్ప్లైన్, అంటే ఖాళీకి అటూ ఇటూ ఉన్న చోట్లను కలిపే నున్నటి వంపు, చాలు. కానీ బంతి వదిలే క్షణంలోనో, ముందు కాలు నేలకు తాకే క్షణంలోనో ఖాళీ ఉంటే స్ప్లైన్‌తో నింపకు. అక్కడ కదలిక దిశ ఒక్కసారిగా మారుతుంది, స్ప్లైన్ దాన్ని మెత్తబరుస్తుంది. అదే ఎముక మీద ఇంకో మూడు మార్కర్లు కనబడుతుంటే వాటి సాయంతో నింపు, లేదంటే ఆ బంతిని లెక్కలోంచి తీసేయ్. ట్రయల్ పోయిందని బాధపడకు.

ఎయిమ్ మోడల్‌కి కొత్త ఫైళ్లు కలిపేటప్పుడు పూర్తిగా చూసినవే కలుపు. తప్పు లేబుల్ ఒక్కటి చేరినా అది ఆ తప్పునే నేర్చుకుంటుంది. 2021లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధకులు తెచ్చిన సోమా లాంటి న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతులు కూడా ఇప్పుడున్నాయి. వాడి చూడు, నాకూ వాటి మీద ఆశ ఉంది. వాటి ఫలితాన్ని కూడా ఇదే దూరాల గ్రాఫ్‌తో పరీక్షించు.

ఏ ట్రయల్‌లో ఏ ఫ్రేమ్ నుంచి ఏ ఫ్రేమ్ దాకా చేత్తో సరిచేశావో ప్రతిసారీ రాసి పెట్టు. రేపు ఎవరైనా ఆ కోణాన్ని ప్రశ్నిస్తే నీ దగ్గర జవాబుండాలి. ఎక్కడైనా చిక్కు పడితే, మీ సార్ సరేనంటేనే, ఆటగాడి పేరు తీసేసి, మార్కర్ల డేటా ఉండే ఆ సీ3డీ ఫైల్ నాకు పంపు. ఆదివారం ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మామయ్య